నూట ఎనభై రోజులు

షార్జాలో, అల్ నహ్దాలో, పదకొండో అంతస్తులో
మా కోడ్‌కి మూడువందల పన్నెండు బ్రాంచీలు.
ఊపిరున్నవి పంతొమ్మిది.

"ఆరునెలలుగా ఎవరూ ముట్టనివి తీసెయ్యి" అన్నాడు మేనేజరు షాకిర్,
"ఈ దేశం లెక్కే మన లెక్క."
నిజమే. నూట ఎనభై రోజులు బయట ఉండిపోతే
వీసా దానంతటదే చచ్చిపోతుంది ఇక్కడ,
ఎవరూ చంపక్కర్లేదు.

మేం రాసేది బస్సుల వేళలు.
సజ్జా క్యాంపుల నుంచి సైట్లకి, సైట్ల నుంచి క్యాంపులకి,
తెల్లవారుజామున నాలుగింటికి
ఎవరిని ఏ గేటు ముందు ఎక్కించుకోవాలో.

పేరుపేరునా మెయిలు పెట్టాను:
మీ బ్రాంచి ఉంచాలా, తీసెయ్యాలా, గురువారంలోగా చెప్పండి.
సగం తిరిగొచ్చాయి, అలాంటి మనిషి లేడంటూ.
ఎవరు చేరవేశారో, కుంజుమోన్ మాత్రం
కొచ్చిన్ నుంచి వాట్సాప్‌లో నవ్వాడు:
"అది ఇంకా ఉందా!"

మెయిన్‌లో కలిసిపోయినవాటితో పేచీ లేదు.
ఏట్లో పడ్డ వాగుకి వేరే పేరెందుకు?
టీ చల్లారకముందే నూట నలభై పోయాయి.

కలవనివి ఉన్నాయి చూడండి, వాటితోనే.

'శుక్రవారం-సెలవు', 2021 నవంబరు.
మరుసటి నెలలోనే ప్రభుత్వం వారాంతాన్ని జరిపేసింది.
నదీమ్ మూడు వారాల చాకిరీ
ఒక్క ప్రకటనతో పాతబడింది.

'ఎండ-విరామం'.
జూన్ పదిహేను నుంచి మధ్యాహ్నం పని ఆపాలి కదా, ఆ లెక్క.
ఏటా ఎవరో ఒకరు మొదలుపెట్టారు,
ఏటా సెప్టెంబరు ముందుగా వచ్చేసింది.
నాలుగు వేసవులు, నాలుగు బ్రాంచీలు.

'ఆఖరిది'. 'ఆఖరిది-నిజంగా'. 'తాకొద్దు-శిహాబ్'.
శిహాబ్ ఎవరో ఈ ఆఫీసులో ఎవరికీ తెలీదు.
ఐదేళ్లుగా ఆ తాకొద్దు మాత్రం
ఖాళీ చేసిన గదికి వేలాడే తాళంలా
కాపలా కాస్తోంది.

కరక్ చాయ్ కోసం కిందికి దిగాను.
రౌండెబౌట్ దగ్గర ఖర్జూరం చెట్టు మీద ఒకతను,
నడుముకి తాడు, చేతిలో పళ్ల కొడవలి,
చెవికీ భుజానికీ మధ్య ఫోను. జగిత్యాల యాస.
దిగాక అడిగాను, ఏ మట్ట కొయ్యాలో ఎలా తెలుస్తుందని.
"ఎండింది ఎండినట్టే కనబడ్తది మేడం.
నడుమ రకంతోనే తిప్పలు.
పచ్చది కోస్తె తిడ్తరు, ఎండింది ఉంచినా తిడ్తరు."
మరి మొదలంటా కొయ్యవేం గంగమల్లూ,
ఆ మట్ట మొదళ్లు అలా వదిలేశావేం?
"అవి గీకేస్తె మళ్లేడు ఎట్ల ఎక్కుడు?
కాలు పెట్టేది వాటి మీదనే గదా."

పైకొచ్చి, తీసేసే ప్రతిదానికీ
అది ఆగిపోయిన చోట ఒక ట్యాగు కొట్టాను.
షాకిర్‌కి చెప్పలేదు.

రొవీనాది ఒకటి మిగిలింది: 'రాత్రి-ఆడవాళ్లు'.
మాల్ ఊడ్చేవాళ్లు ఒంటిగంటకి బయటికొస్తే
బస్సు హైవే అవతల కాదు, గేటు దగ్గరే ఆగాలని.
నూట పది వరసల కోడు.
ఎవరూ కాదనలేదు. ఎవరూ సరే అనలేదు.
ఆమె మనీలా వెళ్లిపోయి మూడేళ్లు.

మెయిన్‌తో కలపబోతే తొమ్మిది చోట్ల తగాదా.
ఆమె రాసిన రోడ్డు ఇప్పుడు లేదు,
ఆమె రాసిన స్టాపులో ఫ్లైఓవరు స్తంభం.
రెండు రాత్రులు కూర్చుని సర్దాను.
రాసినవాళ్ల పేరు దగ్గర ఆమె పేరే ఉంచాను.
ఈ రాత్రి ఒంటిగంటకి బస్సు గేటు దగ్గర ఆగుతుంది,
డ్రైవరు కొత్త కాగితం చదివితే.

జాబితా అడుగున నా పేరు.
'రేపు-చూద్దాం', రెండేళ్ల కిందటిది.
తెరిచాను. ఒకే ఒక్క ఫైలు,
అందులో ఒక ప్రశ్నార్థకం.

ఏమడగబోయానో ఎంతకీ గుర్తు రాలేదు.
ట్యాగు కొట్టకుండానే తీసేశాను.