మూడు చుక్కలు

సిరొంచలో మా గానుగ
వారానికి ఏడు రోజులూ తిరిగేది.
ఎద్దు కళ్ళకు గంతలు, రోట్లో నువ్వులు,
కాడి వెనక పలక మీద కూర్చుని తిరగడం నా కొలువు.
ఎనిమిదేళ్ళకే ఎన్ని కోసులు పోయానో
దొడ్డి దాటకుండా.

తంతి ఆఫీసు చించోల్కర్ మాస్టారి బిడ్డ సెగులా
శుక్రవారం పొద్దు వాలకముందే గిన్నె పట్టుకొచ్చేది.
"పోచక్కా, దీపానికి నూనె."
మరాఠీ మధ్యలో తెలుగు, తెలుగు మధ్యలో నవ్వు.
వాళ్ళింట్లో విగ్రహం లేదు, పటం లేదు.
గుమ్మానికి మాత్రం చిటికెన వేలంత గొట్టం.
వస్తూ పోతూ దాన్ని ముట్టి వేళ్ళు ముద్దాడేవాళ్ళు.
అందులో ఏముందని అడిగితే
"మాట" అంది.
ఎవరి మాటో చెప్పలేదు.

ఒకనాడు గానుగ మొద్దు మీద చెయ్యేసి చెప్పింది:
మేమూ మీలాగే నూనె తీసేవాళ్ళం.
ఎప్పుడో కొంకణం ఒడ్డున పడవ పగిలితే
ఈదుకొచ్చిన మావాళ్ళు గానుగ పట్టి బతికారంట.
శనివారం మాత్రం ఎద్దును కట్టేవాళ్ళు కాదంట.
ఊరోళ్ళు పెట్టిన పేరు, శనివారం తేలీలు.
మా నాయన విని నవ్వాడు.
"ఎద్దుకు సెలవా! మస్తు కలిగినోళ్ళే."

సెగులా మామ ఫౌజులో, ఎక్కడో ఇసుక దేశంలో.
తమవాళ్ళ చొక్కాలకు పసుపు చుక్క కుట్టించి
తరుముతున్నవాడి మీద యుద్ధానికి పోయాడు.
మా ఓదెలు చిన్నాయన అడవి నాకాలో
కాగితాలు కాల్చి వచ్చాడు.
ఆయన యుద్ధం తెల్లదొర మీద.
మేమిద్దరం చింతగింజలతో సైన్యాలు కట్టాం.
ఆమె మామ దొర పక్కన నిలబడ్డాడు,
చిన్నాయన దొరకు ఎదురుగా.
గింజలు ఎటు జరిపినా
మామ తుపాకి చిన్నాయన వైపే చూసింది.
సెగులా అరచేత్తో అన్నీ కలిపేసి లేచిపోయింది.
నాలుగు రోజులు రాలేదు.

వచ్చిన రోజు శ్రావణ శుక్రవారం, నిలువునా తడిసి,
చేతిలో గిన్నె లేదు.
"చాందా నుంచి తంతి వచ్చింది.
మీ ఇల్లు వెతకమని, చిన్నాయనను పట్టుకోమని.
బాబా రాసుకున్నాడు. దారోగాకు ఇయ్యలేదు.
దీపం కింద పెట్టాడు."

వెలిగించిన దీపాన్ని శనివారం కదపకూడదంట.
పదకొండేళ్ళ సర్కారు కొలువులో
ఆ మనిషికి ఒక్క శనివారం దక్కలేదు.
పగలంతా తంతి కొట్టి
రాత్రికి చాలాసేపు చేతులు కడుక్కునేవాడంట.
ఆ ఒక్కటీ పాటించాడు.
యంత్రం మీద గుడ్డ కప్పి
ఇంట్లో కూర్చున్నాడు.

మూడు చుక్కలు పొడిస్తేనే వాళ్ళ శనివారం అయిపోతుంది.
చీకటి పడ్డాక మాస్టారు వాకిట్లోకొచ్చి మెడ ఎత్తాడు.
ప్రాణహిత మీద మబ్బు,
అవతల నైజాం మీద మబ్బు.
"ఇంకా కాలేదు" అన్నాడు.
అన్నం తిని మళ్ళీ వచ్చాడు.
"ఇంకా కాలేదు."
సెగులా నా చెయ్యి పట్టుకుంది.
ఏమీ కనబడకూడదని
అంత గట్టిగా ఆకాశం చూడడం
మళ్ళీ నా బతుకులో లేదు.

ఆ వేళకే బెస్త బానయ్య డొంగలో
తెలికపిండి బస్తాల కింద చిన్నాయన.
ఏరు కొండలా పారుతోంది.
తెల్లారి డొంగ తిరిగొచ్చింది,
సగం తెడ్డుతో.

ఆదివారం దారోగా అరిచాడు, తంతి ఇంత ఆలస్యమా అని.
మాస్టారు ఇంగ్లీషులో జవాబిచ్చాడంట:
మబ్బు పట్టింది హుజూర్.

నెల తిరక్కుండా బదిలీ.
బురదలో బండి, బండిలో ట్రంకుపెట్టె,
పెట్టె మీద సెగులా.
గుమ్మానికి ఉన్న గొట్టం ఊడదీసుకుపోయారు.
రెండు మేకు బెజ్జాలు మిగిలాయి,
నేను చాలారోజులు వాటిని ముట్టి పోయేదాన్ని.

ఆ వచ్చే శనివారం నాయన
ఎవరికీ చెప్పకుండా ఎద్దు గంతలు విప్పాడు.
కాడి దించాడు.
ఎద్దు కాసేపు అట్లాగే నిలబడింది.
తర్వాత
ఉత్త మొద్దు చుట్టూ
నడవడం మొదలెట్టింది,
కళ్ళు తెరుచుకుని.