మకారంలో పడవ

వానాకాలం మైదా జిగురు తొందరగా పులుస్తుంది.
మైలతుత్తం చిటికెడు ఎక్కువేసి
గుమ్మం దగ్గర కలుపుతూంటే వచ్చారాయన,
టెరెన్స్ కీఫ్ గారు, వాల్తేరు షెడ్డులో డ్రైవరుగా చేసి దిగిన మనిషి,
రెండు గోనెసంచుల్లో ఒకే నిఘంటువు పట్టుకుని.

అప్పటికే రెండుగా చీలింది అది.
వీపు లేదు. దారాలు తెగి
ఏ ఫారానికి ఆ ఫారం విడిగా ఊగుతోంది.
అంచుల నిండా హార్బరు బొగ్గుపొడి.

"ఐరిష్ అమ్మా. మా తాత భాష.
నాకు ముక్క రాదు. డెబ్భై నాలుగో ఏట మొదలెట్టినాను.
శుక్రవారానికి ఇస్తావా?"
"ఇస్తాను" అన్నాను.
మార్కు వేసే మేష్టారిలా వేలెత్తారు.
"చూసినావా, అవును అన్లేదు నువ్వు.
వాళ్ళకీ అవునూ కాదూ లేవు.
ఇస్తావా అంటే ఇస్తాను, లేదంటే ఇవ్వను. అంతే."

పూర్ణా మార్కెట్ వెనక సందులో
నేను కుట్టేవి కిరాణా లెడ్జర్లు,
చేపల వేలం చిట్టాలు,
ఫెయిలైన పిల్లల రికార్డు పుస్తకాలు.
తెలియని భాషని కుట్టడం తేలిక,
చదవబుద్ధేసి చెయ్యి ఆగదు.
పేజీ అంకెలు చూసుకుంటే చాలు.
అంకెల్ని చెద తిన్నచోట
మరకకి మరక ఆనించి
ఇదీ దీని పక్కది అనుకుని కుట్టేశాను.

శుక్రవారం కాదు, మంగళవారం ఇచ్చాను.
బుధవారం తెల్లారేసరికి మళ్ళీ గుమ్మంలో.
"ఏటమ్మా ఇది! మకారం పేజీలు పదహారు
బకారం నడుమ కుట్టేసినావు!"
నాలిక్కరుచుకుని దబ్బనం అందుకున్నాను విప్పుదామని.
ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.
కోపం కాదది, నవ్వుతున్నారు.

పడవని బాద్ అంటారట.
నా పడవ అయితే మొ వాద్.
వాళ్ళ పడవ అయితే అ మాద్.
ఎవరిదో చెప్పీ చెప్పగానే
మాట మొహం మార్చుకుంటుందట.
"తాత సోల్జర్‌పేట మేడమీంచి
వాద్, వాద్ అని చూపించేవాడు.
కొండనంటున్నాడో, కొండ దాటే పొగనంటున్నాడో, నాకు ఆరేళ్ళు.
ఈ పుస్తకం కొన్న రాత్రి ముందు ఆ మాటే వెతికినాను.
వకారంలో లేదు. ఆ భాషకి వకారమే దాదాపు లేదు.
బకారంలో దొరికేసరికి నాలుగు నెలలు."
కాసేపు సంచీ తాడు ముడి విప్పి, మళ్ళీ వేశారు.
"నా అనకుండా ఎప్పుడూ పడవ అన్లేదన్నమాట, ముసిలాడు.
పడవేమో ఎవడిదో."

ఆయన వెళ్ళాక కత్తి మిషను తుడుస్తూ
బళ్ళో వల్లించిన గసడదవలు గుర్తొచ్చాయి.
కాయ కూర పక్కన చేరి గాయ అవుతుంది.
పల్లె ఊరి పక్కన వల్లె అవుతుంది.
తండ్రి, తల్లి పక్కన, దండ్రి.
ఏ నిఘంటువు తిరగేసినా దండ్రి ఉండడు.

ఈ మిషను చక్రం మా నాన్న తిప్పింది.
పరుషం అంటే ఆయనే. మాటా, అరచెయ్యీ.
అమ్మ వచ్చి ఫారాలు మడవడానికి పక్కన కూర్చున్న పూట మాత్రం
దారం అందుకోవే అనేవాడు, అందులో కొంచెం గాలి ఉండేది.
ఆ ఒక్క మనిషినీ నేను
తకారంలో ఎన్నాళ్ళు వెతికాను!

ఆ పదహారు పేజీలూ అక్కడే ఉన్నాయి.
విప్పొద్దన్నారాయన, నేనూ డబ్బు తగ్గించలేదు.
మొన్న వ్యాకరణం తెచ్చారు, సన్నపాటిది,
అట్ట మీద టీ గ్లాసు గుండ్రాలు మూడు.
"రేపిస్తావా?"
బయట సముద్రపు చెమ్మ. జిగురు పట్టేట్టు లేదు.
"ఇవ్వను" అన్నాను.
ఆయన మొహం ఎంత వెలిగిందో చెప్పలేను.