మూడు డిగ్రీలు

వయాల్లాలో సాయంత్రం ఆరు దాటినా
రేకుల షెడ్డు పెనంలాగే కాలుతోంది.
స్టాండు మీద నా పాత రెండొందల యాభై సీసీ బండి.
ఇంజను నుంచి సైలెన్సరుకి పోయే గొట్టాన్ని తుప్పు తినేసింది,
జల్లెడ.
కొత్తది ఎక్కడా దొరకదు.
చేసుకోవాలి. చేసుకోవాలంటే వంచాలి.
వంచాలంటే, ఏది కొనాలి?

పక్కింటి మెర్విన్ హాకింగ్,
ముప్పైయేళ్లు రోలింగు మిల్లులో చేసి
ఇప్పుడు టమాటాలకు నీళ్లు పోసుకునే మనిషి,
కంచె మీంచి తల పెట్టాడు.
"పైపు వేరు, ట్యూబు వేరు. ముందది తెలుసుకో.
పైపుకి లోపలి కొలత చెబుతారు,
ట్యూబుకి బయటిది."
మా ఆడపడుచు నన్నెప్పుడూ
ట్యూబుగానే కొలిచింది.

మూడొందల డాలర్లకు హైడ్రాలిక్ జాకీది ఒకటుంది.
బొమ్మలో ఎర్రగా, బలంగా, పెళ్లికొడుకులా ఉంది.
పన్నెండు టన్నులు నొక్కుతుందట.
కొనకముందు డారెల్ దగ్గర అరువు తెచ్చి చూశాను.
నిజమే, నొక్కింది.
నీళ్ల పైపైతే తట్టుకునేదేమో,
ఒకటిన్నర మిల్లీమీటర్ల పల్చటి గోడ నాది.
నడుం దగ్గర చప్పిడైపోయి
లోపలి వైపంతా ముడతలు,
పిండేసి దులపకుండా వదిలేసిన లంగాలాగ.
వంచడానికీ వంచించడానికీ మధ్య
తెలుగులో ఒక్క అక్షరమే తేడా అని
మెర్విన్‌కి చెప్పబోయి ఊరుకున్నాను.

ఇసుక దట్టించి, రెండు కొసలూ బిగించి,
టార్చితో ఎర్రగా కాల్చి వంచొచ్చు.
తడి ఉంటే మాత్రం ఆవిరికి బిరడా తుపాకీ గుండే.
అందుకని పాత బాండీలో
ఇసుకని రవ్వ వేయించినట్టు వేయించాను.
"ఏం వండుతున్నావ్?" కంచె అవతలి నుంచి గొంతు.
మొదటి వంపు ముద్దొచ్చింది.
రెండోది దాని తోబుట్టువులా లేదు.

"వంచినవే అమ్ముతారు, కోసి అతికించుకో,
చవక" అన్నాడు మెర్విన్.
మంచి సలహా. నాకు నచ్చలేదు.
ఎందుకో అడగలేదాయన,
అడిగినా నా దగ్గర జవాబు లేదు.

మొక్కై వంగనిది మానై వంగునా అంటూ
మా లెక్కల మేష్టారు బెత్తం ఊపేవారు.
నాకిప్పుడు యాభై మూడు.
ఆస్పత్రి లాండ్రీలో రోజుకి నాలుగొందల దుప్పట్లు
మడతపెట్టే చేతులు.
రెండు శీతాకాలాల ఓవర్‌టైము డబ్బుతో
పొడుగు పిడీ, పళ్ల చక్రమూ ఉన్న బెండరు కొన్నాను.
డై వేరే కొనాలట.
గుర్రం కొన్నాక జీను ధర చెప్పినట్టు.
ఒక్కో డైకి ఒక్కటే వంపు తెలుసు,
ఇంకోటి నేర్పలేం.
అందుకే కంచె తీగ ముక్క తెచ్చి
ఇంజను పక్కగా, బ్రేకు పెడలు తగలకుండా,
నా చీలమండ కాలకుండా
వంచుకుంటూ పోయి, విప్పి, నేల మీద సుద్దతో గీసి కొలిచాను.
ముప్పై ఎనిమిది ట్యూబుకి, నూట పదిహేను వ్యాసార్ధం.
ఆ డై. అదొక్కటే.

పిడి నా ఎత్తుకి మించింది.
దానికి వేలాడి లాగాను, పాదాలు గాల్లో.
కోణమానిని తొంభై చూపించింది. వదిలాను.
ఊపిరి వదిలినట్టు ట్యూబు కాస్త కదిలి
ఎనభై ఏడు దగ్గర ఆగింది.
"ఆ మూడూ దానివి" అన్నాడు మెర్విన్,
"తొంభై కావాలంటే తొంభై మూడుకి లాగు."

జాకీ చప్పిడి చేసిన ముక్కని
గోడకి మేకు కొట్టి తగిలించాను.
మెర్విన్ టోపీ ఇప్పుడు దాని మీదే.
బండి ఇంకా స్టార్టు చేయలేదు.
అంచు వెల్డింగు సగంలో ఉండగా
ఆర్గాన్ అయిపోయింది, సోమవారం దాకా కొట్టు తెరవరు.
లైటు ఆర్పేసి కూడా షెడ్డులోనే ఉన్నాను,
చీకట్లో ఆ వంపు మీద
అరచెయ్యి అటూ ఇటూ పోనిస్తూ.
ముడత ఎక్కడా తగల్లేదు.
మళ్లీ వెతుకుతున్నాను.