మూడో తీసివేత

సోహార్ పోర్టు దాపున, ఆగస్టు నెల.
పన్నెండు మీటర్ల ఉక్కు గోళం, కడుపు ఖాళీ.
గ్యాసు నింపకముందు నీళ్ళు పోసి కొలవాలె.
మీటరు ఎత్తు నిండినప్పుడల్లా
రీడింగు రాసుడు నా డ్యూటీ.

పదిహేడు పాయింటు ఎనిమిది.
అరవై ఏడు.
నూట నలభై ఒకటి పాయింటు మూడు ఏడు.
చూస్తే అంగట్ల మంద తప్పిన గొర్రెల్లెక్క ఉన్నయి అంకెలు.

బాబికర్ సాబు సూడాను మనిషి, కొలతలకు పెద్ద.
"కింది దాంట్లకెళ్ళి మీది దాన్ని తియ్యి" అన్నడు.
తీసిన.
ఉబ్బుకుంట పోయి, గోళం నడుము కాడ ఆగి,
మళ్ళ సన్నబడే వరుస.
"దాంట్ల గూడ తియ్యి."
సున్న దాకా దిగి, సున్న కిందికి గూడ దిగే వరుస.
"ఇంకొక్కసారి."

ఆరు పాయింటు రెండు ఎనిమిది.
ఆరు పాయింటు రెండు ఎనిమిది.

మెట్లన్నీ ఒక్క ఎత్తే.
"మూడు తీసివేతలకు నిలిచిందంటే
లోపల ఘనం ఉన్నట్టు" అన్నడు. "సగం చేసి చూడు."
చేసిన. పై!
ఇంటర్ల అది నన్ను రెండుసార్లు ఫెయిల్ చేసిన గుర్తు.
ఇక్కడ రబ్బరు పైపులకెళ్ళి చల్లగ కారుతున్నది.

ఇంతల నాలుగో మీటరు దాటినంక
వరుస కుంటింది.
రెండు తక్కువ. నాలుగు ఎక్కువ. మళ్ళ రెండు తక్కువ.
"నిద్రల తప్పు రాసిన గావచ్చు సాబ్."

సాబు కండ్లద్దాలు తుడుసుకున్నడు.
"ఒక్క అంకె తప్పు రాస్తే
ఒకటి, మూడు, మూడు, ఒకటి పాళ్ళల్ల చెదురుతది.
ఇది ఒకటి, రెండు, ఒకటి.
నీ రాత తప్పలే.
నీళ్ళే తప్పిపోయినయి.
మీటరు దాటినయి, గోళంల పడలే.
రెండు వేల లీటర్లు."

నేను కిందికి చూసిన.
క్యాంపుల నల్లా బందయి నాలుగు దినాలు.
రాత్రి పైపు జాయింటు వదులు చేసింది దుబ్బరాజం,
పానా పట్టింది నేపాలీ తిలక్,
బకీట్లు అందించింది నేను.
నలభై మందిమి, మనిషికి యాభై లీటర్లు.
చీకట్ల ఎవలూ మాట్లాడలే,
పోశాలు ఒక్కడే ఏడ్సినట్టు నవ్విండు.
నా చెవెనుక సబ్బు ఇంకా పొట్టులేస్తున్నది.

సాబు ముక్కు పైకెత్తిండు. వేప వాసన.
పెన్సిలు తీసి అయిదో మీటరుకెళ్ళి ఆఖరు దాకా
రెండు రెండు కొట్టేసుకుంట పోయిండు.
మెట్లు మళ్ళ సాపయినయి.

"రిమార్కుల ఏం రాయాలె?"
"జాయింటు లీకు. బాగు చేసినం."
ఫైలు మూసి, ఎండల నాలుగడుగులేసి, ఎనుకకు తిరిగిండు.
"రేపు రెండో గోళం.
పట్టుకునేదుంటే సున్న రీడింగు రాయకముందే పట్టుకోండి.
మొదలుకు ముందు పోయింది
ఏ తీసివేతల కనపడది."