నొక్కితేనే

ఓబర్‌క్విట్స్‌లో రైలు తనంతట తాను ఆగదు.
ప్లాట్‌ఫాం మీది పచ్చ బటన్ నొక్కాలి.

టికెట్ల కిటికీకి అద్దం బిగించుకుని
వీబ్కె ఇప్పుడక్కడ జుట్టు కత్తిరిస్తోంది.
గురువారం గురువారం ఓట్మార్ వస్తాడు,
ఇదే గదిలో ముప్పయ్యేళ్ళు టికెట్లకు చిల్లులు పొడిచినవాడు.
కత్తెర చప్పుడుకి కునుకు పడుతుంది.

పదీ నలభై రెండు. పట్టాలు సన్నగా ఈల వేస్తాయి.
మెడకు గుడ్డతోనే, సగం తలతోనే
ఉరుకుతాడు.
నొక్కుతాడు.

రెండు పెట్టెల బండి రొప్పుతూ ఆగుతుంది.
ఎవరూ దిగరు. ఎక్కరు.
డ్రైవరు గూండులా తల బయటపెట్టి
"ఈసారి ఎడమవైపు మిగిలిందే!" అంటుంది.
ఆయన గడియారం చూసి
"నిమిషం ఆలస్యం" అని గట్టిగా చెప్పి
చెయ్యి ఊపుతాడు.

ఆవపూల పసుపులోకి బండి వెళ్ళిపోయాక
కుర్చీ మీద వెంట్రుకలు దులుపుతూ వీబ్కె,
ఆ నిమిషం ఆయన చేసిందేనని
ఇంతవరకూ అనలేదు.