లాస్ట్ ప్రైస్

షార్జాల రోలా బస్టాండు ఎనుక సన్నపు గల్లీ,
మొయ్దు కాకది దుకాణం, స్క్రూడ్రైవరు నాది.
శుక్రారం పొద్దుమూకినంక గంగనర్సు వచ్చిండు
సజ్జ క్యాంపు నుంచి రెండు బస్సులు మారి.
సంకల దుప్పట్ల సుట్టిన లాప్‌టాపు,
పసిపోరన్ని దవఖానకు ఎత్తుకొచ్చినట్టు.

"మొన్ననే కొన్న. తొమ్మిది వందల దిర్హాములు.
జర సూడే, పానం పోసుకుంటలేదు."

ఫోన్ల ప్రకటన సూపెట్టిండు.
తెల్లటి బల్ల, పక్కన పూలకుండీ, కిటికీల సముద్రం.
మేనేజరు వాడినది. ఒకటే చెయ్యి. గీత పడలే.
పదహారు జీబీ. బ్యాటరీ ఆరు గంటలు.
దేశం ఇడిసి పోతున్న, అర్జెంటు, అందుకే అగ్గువ.

మారు మాట్లాడక మూత ఇప్పిన.
మొదలు వాసన సూస్త, అటెన్క లైటు కొడ్త,
ఇరవై ఏండ్ల అలవాటు.
ఫ్యాను రెక్కలల్ల ఇసుక,
ఎవరిదో నెరిసిన ఎంటిక.
పైన పదహారని స్టిక్కరు, కింద నాలుగు.
బ్యాటరీ బూరె లెక్క పొంగింది.
అడుగున కంపినీ నంబరును బ్లేడుతోటి గీకిన గాయం.
గీత పడలే అన్నడు గదా, నిజమే,
గీకుడు గీతెట్లయితది?

"బేరం చేసినవా?"
"చేసిన. లాస్ట్ ప్రైస్ ఎంత అన్న. వెయ్యి అన్నడు.
నూరు దిగిండు. దిగిండంటె మంచోడే అనుకున్న.
పెట్రోల్ బంకు కాడ ఇచ్చిండు, కారు దిగలే,
అద్దం సగమే దించిండు.
పైసలు మాత్రం రెండుసార్లు లెక్కవెట్టిండు."

కడ్డీలు వంచే పని గంగనర్సుది.
కాయితం మీది గీతలు సదువుడు నేర్చుకుంటె
ఫోర్‌మన్ అయితవని ఎవడో కేరళాయన చెప్పిండట.
కంప్యూటర్ల ఆ గీతలు తిప్పి తిప్పి సూడొచ్చట.
మూడు నెలలు బయటి చాయి బంద్ వెట్టిండు.

ఇప్పుడు నా సంగతి.
ఆ ప్రకటన రాసింది నేనే.
పోయిన రంజాన్‌కు ముందు, ఇంకెవరికోసమో,
మొయ్దు కాక చెప్తుంటె ఇంగ్లీషుల కొట్టిన.
పూలకుండీని గూడ నెట్ల దేవులాడి నేనే పెట్టిన.
అప్పుడు దాని ధర ఆరు వందల యాభై.
ఎన్ని చేతులు మారిందో, ఎన్ని కార్లల్ల తిరిగిందో,
పైసలు పెరిగినయి గని అక్షరం మారలే.
ఒకటే చెయ్యి.
ఆ చెయ్యి ఇగో, గీ స్క్రూడ్రైవరు పట్టుకున్నది.
నోటి దాంక వచ్చింది. మింగిన.

"ఏం జేద్దామే మరి?" అన్న.
తల గోక్కున్నడు, నవ్విండు.
"మళ్ల అమ్మేద్దాం. నువ్వే రాయి, నీకు ఇంగ్లీషు మంచిగొస్తది.
నన్ను గూడ గిట్లనే రాసిండు గదా జగిత్యాల ఏజెంటు,
ఆఫీసు బాయ్, ఏసీ గది, ఎనిమిది గంటల డూటీ.
దిగినంక కడ్డీలు చేతుల వెట్టిండ్రు.
వాపసు తీస్కుంటరా అంటె, ఎవడన్న ఫోనెత్తిండా?"

బ్యాటరీ ఊడదీసి పక్కకు పెట్టిన.
ఉన్నదున్నట్టు ఫొటో కొట్టిన, స్టిక్కరు కింది నాలుగుతోని సహా.
రాసిన:
ఫ్యాన్ల ఇసుక ఉంది. బ్యాటరీ లేదు.
వైరు గుంజితె సచ్చిపోతది.
ఇది ఏ మేనేజరు మొఖం సూడలే.
రెండు వందలు.

తెలుగుల సదివి ఇనిపిస్తె
గంగనర్సు మొఖం సిన్నబోయింది.
"గిట్ల రాస్తె ఎవడు కొంటడే?"

ఇద్దరికి చాయి తెప్పిచ్చిన. ఊదుకుంట తాగినం.
కప్పు సగం కాకముందే ఫోను టింగుమన్నది.
అజ్మాన్ నుంచి ఎవడో,
సలామ్ లేదు, నమస్తె లేదు:
లాస్ట్ ప్రైస్ ఎంత?

గంగనర్సు నా భుజం మీదికెల్లి వంగి సూసిండు,
కప్పు కింద పెట్టిండు, మెల్లగ అన్నడు:
"పూలకుండీ అన్న పెడితె అయిపోవు."