పడింది పడినట్టే

మారతహళ్ళి, మూడో అంతస్తు, శనివారం రాత్రి.
మూడు వారాలు గళ్ళ కాగితం మీద
పెన్సిల్‌తో నేలమాళిగ తవ్వాను,
గడికి పది అడుగులు.
అట్టడుగు గదిలో రాతి సింహాసనం, దాని కింద
నేను ముచ్చటపడి దాచిన ఉత్తరం.

వీళ్ళింకా మొదటి మలుపు దాటలేదు.
యామిని వెదురుకర్రతో నేల తడుతోంది
రొయ్యల గుంట లోతు చూసే వాళ్ళ నాన్నలా.
మస్తాన్ కాగడాలు లెక్కపెడుతున్నాడు: ఇంకా రెండు.
కరెంటు పోయింది. ఎవరూ లేవలేదు.
కింద రింగురోడ్డు హారన్లు.
ఫోను వెలుగులో ఇరవై ముఖాల పాచిక దొర్లి
మిక్చరు గిన్నెకు తగిలి ఆగింది.

ఒకటి.

నాలుగు నెలలుగా మస్తాన్ పెంచిన దొంగ
గోతిలో.
పాచికను నేనే వేలితో తిప్పబోయాను,
చీకట్లో ఎవరు చూస్తారని.
వాడు చెయ్యి అడ్డుపెట్టాడు.
"పడింది పడినట్టే."

చచ్చినవాడి కాగితం నాలుగు మడతలు పెట్టి
పర్సులో, ఆధార్ కార్డు వెనక దోపుకున్నాడు.
కొత్తది అడిగి, పేరు దగ్గర రాశాడు:
'వాడి తమ్ముడు.'

"ముందు గోతిలోకి తాడు వెయ్యండి.
అన్న దగ్గర
రెండు కాగడాలుండాలి."